అన్ని మెసేజ్‌లూ ఒకే చోట: మన సంఘాలు తెలుసుకోవాల్సిన సంగతులు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)



ఈసారి మమ్మల్ని పొదుపు గురించో, బ్యాంకు లింకేజీ గురించో కాకుండా ఫోన్ మెసేజ్‌ల గురించి మాట్లాడమన్నారు. ఇందులో మాట్లాడ్డానికి ఏముంది, ఫోన్ అందరి చేతుల్లోనూ ఉందిగా అనిపించొచ్చు. కానీ చూడండి, మన సంఘం పని సగం ఇప్పుడు మెసేజ్‌ల మీదే నడుస్తోంది. ఆర్డర్లు అందులోనే వస్తున్నాయి. మీటింగు కబురు అందులోనే. కిస్తీ కట్టిన రసీదు ఫొటో అందులోనే. మోసం చేసేవాడు వచ్చేదీ ఆ దారినే. అందుకని మా సంఘంలో మేం చదివించుకుని, చేసి చూసి తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాం.

మా సంఘం పచ్చళ్ళు, పొడులు, సున్నుండలు, అరిసెలు చేసి అమ్ముతుంది. మాకు మెసేజ్‌లు ఎక్కడెక్కణ్ణుంచి వస్తాయో చెప్తాం. ఊళ్ళో వాళ్ళు, పక్క టౌను వాళ్ళు వాట్సాప్‌లో అడుగుతారు. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో చూసి అక్కడే అడుగుతారు. అమెరికాలో ఉన్న మన ఊరి వాళ్ళు ఫేస్‌బుక్ మెసెంజర్‌లో పలకరిస్తారు. శిక్షణలో కలిసిన వేరే జిల్లాల సంఘాల వాళ్ళు టెలిగ్రామ్ గ్రూపు పెట్టుకున్నారు. బ్యాంకు నుంచి మామూలు ఎస్సెమ్మెస్ వస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి జోహో కంపెనీ వాళ్ళ అరట్టై కూడా బాగా వినబడింది, మా సభ్యుల్లో ఇద్దరు అందులోనూ చేరారు. అరట్టై అంటే తమిళంలో కబుర్లు చెప్పుకోవడం.

అంటే ఒకే సంఘానికి ఆరు గుమ్మాలు. ఎవరు ఏ గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తారో తెలియదు. పొయ్యి మీద నూనె కాగుతుంటే ఆరు చోట్లా తొంగిచూడడం ఎవరివల్ల అవుతుంది? అందుకే మా పిల్లల్ని అడిగాం: ఇవన్నీ ఒకేచోట కనబడే దారి లేదా అని. ఉంది అన్నారు. ఆ దారి మంచేమిటో, చెడేమిటో తెలుసుకునే పనిలో పడ్డాం.

ముందు ఒక ప్రశ్న. మన ఫోన్‌లో ఒక కంపెనీ సిమ్ ఉంటుంది, అవతలివాళ్ళకు ఇంకో కంపెనీది. అయినా ఫోన్ కలుస్తుంది. మామూలు ఎస్సెమ్మెస్ కూడా వెళ్తుంది. డబ్బుల విషయం చూడండి. 2016లో యూపీఐ వచ్చింది. మనం ఫోన్‌పేలో పంపితే అవతలివాళ్ళకు గూగుల్ పే ఉన్నా, భీమ్ ఉన్నా డబ్బు చేరుతుంది. మన దుకాణం ముందు అంటించిన ఒక్క క్యూఆర్ అన్నిటికీ పనిచేస్తుంది. బ్యాంకులన్నీ ఒకే నియమానికి కట్టుబడ్డాయి కాబట్టి అలా కుదిరింది. మరి వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కు మెసేజ్ ఎందుకు పోదు? సాంకేతికంగా కుదరక కాదండీ. ఎవరి వాడకందారులను వాళ్ళు తమ దొడ్లోనే ఉంచుకోవాలనుకుంటారు, అదీ సంగతి. కొత్త యాప్ ఎంత బాగున్నా మన చుట్టాలు, కొనేవాళ్ళు పాతదాంట్లోనే ఉంటే మనం కూడా దాన్ని వదల్లేం.

ఇది ఇవాళ్టి గొడవ కాదు. మా సంఘంలో కంప్యూటర్ చదివిన పిల్లలు దీని పాత కథ చదివి వినిపించారు. 1996లో ఇజ్రాయెల్‌లో ఐసీక్యూ అని ఒకటి మొదలైంది. 1997లో అమెరికాలో ఏఓఎల్ కంపెనీ వాళ్ళ ఎయిమ్ వచ్చింది. 1998లో యాహూ, 1999లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎంఎస్ఎన్ మెసెంజర్ వచ్చాయి. మనలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది, విదేశాలకు వెళ్ళిన పిల్లలతో మాట్లాడాలంటే టౌనుకు పోయి నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి యాహూ మెసెంజర్ ముందు కూర్చునేవాళ్ళం. అప్పుడు కూడా దేనికదే. 1999లో మైక్రోసాఫ్ట్ తమ ఎంఎస్ఎన్‌లో నుంచే ఏఓఎల్ వాళ్ళతో మాట్లాడుకునే వీలు పెట్టింది. ఏఓఎల్ అడ్డుకుంది. వీళ్ళు దారి మార్చారు, వాళ్ళు మళ్ళీ అడ్డుకున్నారు. కొన్ని నెలలు ఇలా జరిగాక మైక్రోసాఫ్టే ఊరుకుంది.

ఈ పెద్దవాళ్ళ కొట్లాట మధ్య కొందరు ఇంకో పని చేశారు. ఏ కంపెనీకి ఆ కంపెనీ భాషలో మాట్లాడగల ఒకే ప్రోగ్రామ్ తయారుచేశారు. 1998లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టిన గెయిమ్ అలాంటిది. ఏఓఎల్ పేరు విషయంలో అభ్యంతరం పెట్టడంతో 2007లో దాని పేరు పిడ్జిన్‌గా మారింది. పిడ్జిన్ అంటే వేర్వేరు భాషల వాళ్ళు వ్యాపారం కోసం కలగలిపి మాట్లాడుకునే భాషట. పేరు భలే సరిపోయింది. అది ఉచితం, లోపల ఎలా రాశారో ఎవరైనా చూసుకోవచ్చు. 2000లో ట్రిలియన్ అనే ఇంకోటి వచ్చింది. వీటిలో యాహూ ఖాతా, ఎంఎస్ఎన్ ఖాతా, ఐసీక్యూ ఖాతా అన్నీ పెట్టుకుంటే స్నేహితుల పేర్లన్నీ ఒకే జాబితాలో కనబడేవి.

ఇంకో దారి కూడా ఉంది. 1999లో జెరెమీ మిల్లర్ అనే ఆయన జాబర్ అనే పద్ధతి బయటపెట్టాడు. ఇప్పుడు దాన్ని ఎక్స్‌ఎంపీపీ అంటారు. ఎవరి సర్వర్ వాళ్ళు పెట్టుకున్నా, ఈమెయిల్ లాగా ఒకళ్ళ నుంచి ఇంకొకళ్ళకు మెసేజ్ పోయే బహిరంగ నియమం అది. 2005లో వచ్చిన గూగుల్ టాక్ కూడా ఆ నియమం మీదే నడిచింది. తర్వాత గూగుల్ ఆ దారి వదిలేసింది.

ఈ కథ మనకెందుకంటే, ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, అన్నీ కలిపి చూపించే ప్రోగ్రామ్‌కు అవతలి కంపెనీ ఒప్పుదల లేకపోతే, ఏదో ఒక పొద్దున అది పనిచేయడం మానేస్తుంది. రెండోది, ఏ కంపెనీ శాశ్వతం కాదు. ఎయిమ్‌ను 2017 డిసెంబరులో మూసేశారు. యాహూ మెసెంజర్ 2018 జులైలో పోయింది. ఐసీక్యూ 2024 జూన్‌లో పోయింది. మనం నిద్రపోతుంటే మన యాప్ మూతపడినా మన వ్యాపారం మూతపడకూడదు. ఆర్డరు ఎందులో వచ్చినా అదే రోజు ఆర్డర్ల పుస్తకంలో ఎక్కాలి. పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఒకటని మనకు మొదటి నుంచీ చెప్తూనే ఉన్నారు. ఫోన్ వచ్చిందని ఆ సూత్రం పోలేదు.

ఇప్పటి సంగతికి వద్దాం. ఇవాళ ఇలా కలిపి చూపించే యాప్‌లలో పేరున్నది బీపర్. 2024లో దాన్ని ఆటోమాటిక్ అనే కంపెనీ కొన్నది. వెబ్‌సైట్లకు వాడే వర్డ్‌ప్రెస్.కామ్ నడిపేదీ ఆ కంపెనీయే. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, ఇన్‌స్టాగ్రామ్, మెసెంజర్ ఇలా చాలావాటిని ఒకే జాబితాలో చూపిస్తుంది. కొన్ని ఖాతాల వరకు ఉచితం, ఎక్కువ కావాలంటే డబ్బు కట్టాలి.

అది ఎలా కలుపుతుందో తెలిస్తే భయమెక్కడో, ధైర్యమెక్కడో మనకే అర్థమవుతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ అని ఉంటుంది. మన ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాల్లో మన వాట్సాప్ తెరుచుకోవచ్చు. కంప్యూటర్‌లో తెరిచేటప్పుడు తెర మీద కనబడే క్యూఆర్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తాం చూశారా, అదే. కలిపి చూపించే యాప్ కూడా అలాగే ఒక లింక్డ్ డివైజ్‌గా లోపలికి వస్తుంది. అంటే మన ఇంటి తాళంచెవికి ఇంకో నకలు చేయించి ఇచ్చినట్టు. మన మెసేజ్‌లు అది చదవగలదు, మన పేరు మీద పంపగలదు. చదవలేకపోతే చూపించలేదు కదా.

వాట్సాప్ మెసేజ్‌లకు తాళం ఉంటుంది. పంపినవాళ్ళ ఫోన్‌లో వేస్తే అందుకున్నవాళ్ళ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, మధ్యలో ఎవరికీ కనబడదు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకు అలాంటి తాళం లేదు. సీక్రెట్ చాట్ అని విడిగా పెట్టుకుంటేనే ఉంటుంది. ఇప్పుడు రెండు భాషల మధ్య దుబాసిని పెట్టామనుకోండి, దుబాసి మన మాట వినాల్సిందే. ఆ దుబాసి ఎక్కడ కూర్చున్నాడన్నది ముఖ్యం. ఎక్కడో వాళ్ళ సర్వర్‌లో కూర్చుంటే మన మాట అక్కడ ఒకసారి తెరుచుకుంటుంది. మన ఫోన్‌లోనే కూర్చుంటే బయట తెరుచుకోదు. బీపర్ వాళ్ళు 2025లో ఈ కలిపే పనిని చాలావరకు మన పరికరంలోనే జరిగేలా మార్చారు. ఏ యాప్ పెట్టుకునే ముందయినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: దుబాసి ఎక్కడ కూర్చుంటాడు?

ఇంకొక మాట. జీబీ వాట్సాప్ లాంటి పేర్లతో తిరిగేవి వేరు. అవి అసలు వాట్సాప్‌ను మార్చి ఎవరో తయారుచేసినవి. వాటిని వాడితే ఖాతా ఆపేస్తామని వాట్సాపే చెప్తోంది. వాటిని, ఇప్పుడు మేం చెప్పినవాటిని ఒక గాటన కట్టొద్దు. అలాగని మేం చెప్పినవాటికి వాట్సాప్ హామీ ఇచ్చిందనీ అనుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. సంఘం అన్నాక మెసేజ్‌లు ఒక్కరివి కావు. మా గ్రూపులో ఎవరి కిస్తీ ఆగిందో, ఎవరింట్లో ఆపరేషన్ ఉండి అంతర్గత అప్పు అడిగారో, ఎవరు మొగుడికి తెలియకుండా దాచుకుంటున్నారో ఉంటుంది. మనలో ఒక్కళ్ళు తమ ఫోన్‌కు ఒక కొత్త యాప్ తగిలిస్తే, మిగతా అందరి మాటలూ దాంట్లోకి పోతాయి. తగిలించింది ఒక్కళ్ళు, బయటపడేది పదిమంది గుట్టు. అడక్కుండా చేసే పని కాదిది. కిస్తీ కట్టలేకపోయిన అక్క పేరు ఊళ్ళో తిరిగితే, వచ్చే నెల ఆమె మీటింగుకే రాదు. అక్కడితో సంఘం పగులుతుంది.

ఇంకోటి, మా సంఘంలో రెండేళ్ళకోసారి లీడర్లు మారతారు. మారినప్పుడు తీర్మానం పుస్తకం, పాస్‌బుక్కు, రబ్బరు స్టాంపు, బీరువా తాళం అప్పజెప్తాం. మరి మూడొందల మంది కొనేవాళ్ళ నంబర్లు, వాళ్ళతో మాట్లాడిన ధరలు, బాకీలు ఎవరి ఫోన్‌లో ఉన్నాయి? పాత లీడరు సొంత ఫోన్‌లో. ఆమె కూతురి పెళ్ళి ఫొటోల మధ్యలో. సంఘం ఆస్తిని సొంత ఆస్తితో కలిపితే ఇద్దరికీ ఇబ్బందే. ఆమెకు రాత్రి పదింటికి కూడా ఫోన్లు ఆగవు, కొత్తామె చేతికి ఏమీ రాదు.

ఈ రెండూ ఆలోచించి మా సంఘంలో ఇలా ఏర్పాటు చేసుకున్నాం. మొదటిది, సంఘం డబ్బుతో ఒక మామూలు స్మార్ట్‌ఫోన్, ఒక సిమ్ కొన్నాం. దాని మీదే వాట్సాప్ బిజినెస్, ఇన్‌స్టాగ్రామ్, మెసెంజర్, టెలిగ్రామ్ ఖాతాలు తెరిచాం. అన్నిటినీ ఒకేచోట చూపించే యాప్ ఆ ఫోన్‌లో మాత్రమే పెట్టాం. అందులో కొనేవాళ్ళ మాటలు తప్ప సభ్యుల అప్పుల మాటలు ఉండవు.

రెండోది, సభ్యుల గ్రూపు విడిగా మా సొంత ఫోన్లలోనే ఉంది. దానికి ఏ బయటి యాప్ తగిలించకూడదని తీర్మానం రాసి అందరం సంతకాలు పెట్టాం.

మూడోది, బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు వేరు, ఈ ఆర్డర్ల నంబరు వేరు. ఓటీపీ వచ్చే సిమ్ ఉన్న ఫోన్‌లో ఈ ప్రయోగాలు చేయలేదు. ఎస్సెమ్మెస్ కూడా చదివి చూపిస్తామనే యాప్‌లు ఉంటాయి. ఆ అనుమతి ఇస్తే మన ఓటీపీలు కూడా చదువుతాయని గుర్తుపెట్టుకోండి.

నాలుగోది, నెలకోసారి మీటింగులో ఫోన్ తెరిచి లింక్డ్ డివైజెస్ అందరి ముందూ చూస్తాం. టెలిగ్రామ్‌లో అయితే సెట్టింగ్స్‌లో డివైజెస్ అని ఉంటుంది. మనకు తెలియని పరికరం పేరు కనబడితే అక్కడికక్కడే లాగౌట్ నొక్కుతాం. పొదుపు లెక్క చదివాక ఇది చదవడం అలవాటైపోయింది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే ఆరంకెల పిన్ అడుగుతుంది. ఆ పిన్ ఇద్దరు లీడర్లకే తెలుసు. లీడరు మారిన రోజున పిన్ మారుస్తాం.

ఐదోది, పండగ ముందు ఆర్డర్లు ఎన్ని వచ్చినా సాయంత్రం ఆరింటికి బుక్ కీపర్ కూర్చుని పుస్తకంలో ఎక్కిస్తుంది. ఎందులో వచ్చింది, ఎవరు, ఎంత, ఎప్పటికి అని నాలుగు గళ్ళు. సంక్రాంతి ముందు వారంలో కలిపి చూపించే యాప్ ఒకసారి ఒక ఖాతాను చూపించడం మానేసింది. మేం కంగారు పడలేదు. అసలు యాప్ తెరిచి చూసుకున్నాం, పుస్తకంతో సరిచూసుకున్నాం, అరిసెలు టైముకు వెళ్ళాయి.

దీనివల్ల లాభం ఏం కనబడిందంటే, ఫోన్ వంతులు వేసుకోగలిగాం. ఇదివరకు ఏ మెసేజ్ ఎక్కడుందో ఒక్కళ్ళకే తెలిసేది. ఇప్పుడు సోమవారం ఒకరు, మంగళవారం ఇంకొకరు. చదువు తక్కువున్న అక్కలు కూడా ఒకే జాబితా కాబట్టి వాయిస్ మెసేజ్‌తో జవాబు చెప్తున్నారు. ఆరు యాప్‌లు నేర్పడం కంటే ఒకటి నేర్పడం తేలిక.

మోసాల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాం. క్యూఆర్ అనగానే మనకు డబ్బులే గుర్తొస్తాయి. కానీ ఎవరో పంపిన క్యూఆర్‌ను లింక్డ్ డివైజెస్‌లో స్కాన్ చేస్తే డబ్బు కాదు, మన మెసేజ్‌ల తాళంచెవే వాళ్ళ చేతికి పోతుంది. అలాగే మెసేజ్‌లో ఏపీకే అని చివర ఉన్న ఫైల్ వస్తే, పథకం పేరుతో వచ్చినా, బ్యాంకు పేరుతో వచ్చినా నొక్కొద్దు. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లోనే వెతకాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలు. సిగ్గుపడి దాచుకోవద్దు అక్కా, మోసం చేసినవాడు సిగ్గుపడాలి.

యూరప్‌లో 2022లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం వాట్సాప్ లాంటి పెద్ద యాప్‌లు అడిగిన చిన్న యాప్‌లతో మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకోవాలి. అక్కడ బర్డీచాట్, హైకెట్ అనే రెండు యాప్‌లతో మొదలుపెడుతున్నట్టు వాట్సాప్ 2025 నవంబరులో ప్రకటించింది. మెసేజ్‌లు కూడా యూపీఐ లాగా ఒకదాన్నుంచి ఒకదానికి పోవాలని జోహో స్థాపకుడు శ్రీధర్ వెంబు గారు కూడా బహిరంగంగానే అన్నారు. మనకూ ఆ రోజు వస్తే ఈ నకలు తాళంచెవుల అవసరం ఉండదు. అప్పటిదాకా తాళంచెవి ఎవరికి ఇచ్చామో మనకు తెలిసి ఉండాలి.

అందుకని ఈ మహాజన సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, వ్యాపారం చేసే ప్రతి సంఘానికీ సంఘం పేరు మీద నంబరు ఉండాలి, లీడరు సొంత నంబరు కాదు. రెండు, లీడరు మారినప్పుడు అప్పజెప్పే వస్తువుల జాబితాలో ఫోన్, పిన్, ఖాతాల పేర్లు చేర్చాలి. మూడు, సభ్యుల గ్రూపుకు ఏ యాప్ తగిలించాలన్నా మీటింగులో అడిగి, తీర్మానం రాశాకే చేయాలి. ఇంకా ఒకటి గుర్తుంచుకోవాలి. స్మార్ట్‌ఫోన్ లేని అమ్మలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. మీటింగు కబురు మెసేజ్‌లో పెట్టినా వాళ్ళ గుమ్మం దగ్గరికి మనిషి వెళ్ళి చెప్పాల్సిందే.

 ఎవరికైనా ఫోన్‌లో చూపించాలంటే భోజనాల తర్వాత మా సంఘం స్టాల్ దగ్గరికి రండి, మా పిల్లలు అక్కడే ఉంటారు. సెలవు.